ఫోన్ యాప్‌ని కంప్యూటర్ ఎక్కించాలంటే



ఈమధ్య మీ ఉత్తరాల్లో ఒక ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. ఫోన్‌కి యాప్ రాశాం, బాగానే నడుస్తోంది, ఇప్పుడు రాయించుకున్నాయన "కంప్యూటర్లో కూడా పెట్టివ్వండి" అంటున్నాడు, ఏం చెయ్యాలి అని. రాసినవాళ్ళలో ఎక్కువమంది వాడింది గూగుల్ వాళ్ళ టూల్‌కిట్ ఫ్లట్టర్. వాళ్ళకి తోటివాళ్ళు చెప్తున్న జవాబు ఒక్క ముక్క: "డెస్క్‌టాప్ సపోర్టు ఉందిగా, బిల్డ్ కొట్టెయ్." ఇందులో అబద్ధమేమీ లేదు. బిల్డ్ కొడితే విండో తెరుచుకుంటుంది, మీ యాప్ అందులో కనిపిస్తుంది కూడా. కానీ అది చూసి సోమవారానికల్లా ఇచ్చేస్తానని మాటిచ్చారో, ఇరుక్కున్నట్టే. అసలు పని ఆ విండో తెరుచుకున్నాక మొదలవుతుంది. ఈసారి ఉత్తరం దాని గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఫ్లట్టర్ పుట్టింది ఫోన్ల కోసం. 2018 డిసెంబరులో 1.0 వెర్షన్ వచ్చేనాటికి డెస్క్‌టాప్ అనేది పక్కన జరుగుతున్న ఒక ప్రయోగం మాత్రమే. విండోస్ మీద పక్కా అని గూగుల్ చెప్పింది 2022 ఫిబ్రవరిలో, 2.10 వెర్షన్‌తో. మ్యాక్, లినక్స్ వంతు అదే ఏడాది మే నెలలో, 3వ వెర్షన్‌తో వచ్చింది. అంటే ఫోన్‌కీ డెస్క్‌టాప్‌కీ మధ్య మూడేళ్ళ పైమాటే. గీసే ఇంజన్ ఒకటే, డార్ట్ భాష ఒకటే, విడ్జెట్లు అవే. మరి అంతకాలం ఎందుకు పట్టింది?

అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా నడిచే టూల్‌కిట్ కట్టేవాళ్ళకి మొదట్నుంచీ రెండు దారులున్నాయి. ఒకటి, ఏ సిస్టమ్ మీద ఉంటే ఆ సిస్టమ్ బటన్లు, పెట్టెలు అరువు తెచ్చుకోవడం. 1992లో ఎడిన్‌బరోలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ ఈ దారిలో నడిచింది. జావా మొదటి టూల్‌కిట్ ఏడబ్ల్యూటీదీ అదే దారి. రెండోది, ఎవరి బటన్లూ వద్దనుకుని అన్నీ తానే గీసుకోవడం. జావాలోనే తర్వాత వచ్చిన స్వింగ్ అటు మళ్ళింది. ఫ్లట్టర్ ఈ దారిలో ఇంకా ముందుకెళ్ళింది. సిస్టమ్‌ని అది అడిగేది ఒక ఖాళీ విండో, అందులో గీసుకోవడానికి జాగా. బటన్ నీడ దగ్గర్నుంచి మెరిసే కర్సర్ దాకా తక్కినదంతా దాని సొంత గీత.

అద్దె ఇంట్లో దిగినవాడికి నీళ్ళు రాకపోతే ఇంటివాణ్ణి అడుగుతాడు. సొంత స్థలంలో కట్టుకునేవాడు బోరు దగ్గర్నుంచి వేయించుకోవాలి. బటన్ అరువు తెచ్చుకున్న టూల్‌కిట్‌కి ఆ బటన్‌తో పాటు చాలా వస్తాయి: ట్యాబ్ కొడితే పక్క పెట్టెలోకి వెళ్ళడం, చూపులేనివాళ్ళ కోసం తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి "ఇది బటన్" అని చెప్పడం, తెలుగు కీబోర్డు నుంచి అక్షరాలు అందుకోవడం. గీసుకునే టూల్‌కిట్ ఇవన్నీ ఒక్కో సిస్టమ్‌కీ విడిగా కట్టుకోవాలి. ఆ పని చేసే భాగాన్ని ఎంబెడర్ అంటారు. ఆ మూడేళ్ళూ ఎక్కువగా మింగింది అదే.

లినక్స్ ఎంబెడర్ సంగతే చూడండి. మొదట దాన్ని జీఎల్ఎఫ్‌డబ్ల్యూ అనే లైబ్రరీ మీద కట్టారు. ఆటలు రాసేవాళ్ళు ఎక్కువగా వాడే చిన్న లైబ్రరీ అది. విండో ఇస్తుంది, ఏ కీ నొక్కారో చెప్తుంది, అంతే. ఆటకి అది చాలు. కానీ "ka" కొడితే "క" రావాలంటే మధ్యలో ఇన్‌పుట్ పద్ధతి ఒకటి పనిచెయ్యాలి, దాంతో మాట్లాడే సౌకర్యం అందులో లేదు. ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ తోడయ్యాక లినక్స్ ఎంబెడర్‌ని జీటీకే మీదికి మార్చారు. తన బటన్లు తానే గీసుకుంటానన్న ఫ్లట్టర్, ఇంకో టూల్‌కిట్ విండోలో కూర్చుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. కీబోర్డు, క్లిప్‌బోర్డు వంటి సంగతులు జీటీకే వాళ్ళు ఏళ్ళ తరబడి దెబ్బలు తిని నేర్చుకున్నవి, వాటిని ఊరికే వదులుకోవడం తెలివితక్కువ. ఇప్పుడు ఉబుంటు ఇన్‌స్టాలర్ కూడా ఫ్లట్టర్‌దే, 23.04 వెర్షన్ నుంచి.

సరే, ఇక మీ బల్ల మీదికి వద్దాం.

మొదట తెలుసుకోవలసింది: విండోస్ బిల్డ్‌కి విండోస్ యంత్రం కావాలి, మ్యాక్ బిల్డ్‌కి మ్యాక్, లినక్స్ బిల్డ్‌కి లినక్స్. ఒకదాని మీద కూర్చుని మూడూ తియ్యడం కుదరదు. ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మ్యాక్ లేనివాళ్ళు కిరాయికి దొరికే బిల్డ్ సర్వర్లతో పని కానిస్తున్నారు. బిల్డ్ అవుతుంది గానీ, అది తెర మీద ఎలా నడుస్తుందో చూడాలంటే ఎవరిదో ఒకరి మ్యాక్ ముందు కూర్చోక తప్పదు.

తర్వాత, బిల్డ్‌కి ఏమేం లోపించాయో చెప్పే ఫ్లట్టర్ డాక్టర్ నడపండి. విండోస్‌లో అది విజువల్ స్టూడియో లేదని ఎర్ర గుర్తు పెడుతుంది. "ఉంది కదా, రోజూ అందులోనే రాస్తున్నా" అని చాలామంది కంగారుపడతారు. మీరు రాస్తున్నది వీఎస్ కోడ్. అది ఎడిటర్. డాక్టర్ అడుగుతున్నది అసలు విజువల్ స్టూడియో, అందులోనూ సీ ప్లస్ ప్లస్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేందుకు పెట్టిన వర్క్‌లోడ్. కొన్ని జీబీల డౌన్‌లోడ్, రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి. మీరు రాసేది డార్ట్ అయినా విండో తెరిచే ఎంబెడర్, మీరు చేర్చుకున్న ప్లగిన్లు సీ ప్లస్ ప్లస్‌లో ఉంటాయి, అందుకు కంపైలర్ కావాలి. లినక్స్‌లో క్లాంగ్, సీమేక్, నింజా, ప్యాకేజ్ కాన్ఫిగ్, జీటీకే 3 డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఉండాలి. చివరిది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. జీటీకే ఎలాగూ సిస్టమ్‌లో ఉందిగా అనుకుంటారు. నడపడానికి ఉన్న జీటీకే వేరు, కంపైల్ చెయ్యడానికి కావలసిన హెడర్ ఫైళ్ళు వేరు. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్, కోకోపాడ్స్.

బిల్డ్ అయ్యాక విండోస్‌లో ఒక ఈఎక్స్ఈ ఫైలు కనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే అక్కడ తెరుచుకోదు. దాని పక్కనే ఉన్న ఫ్లట్టర్ విండోస్ డీఎల్ఎల్, ప్లగిన్ల డీఎల్ఎల్‌లు, డేటా ఫోల్డరు అన్నీ కలిసి వెళ్ళాలి. అవన్నీ తీసుకెళ్ళినా కొన్ని కంప్యూటర్లలో "వీసీ రన్‌టైమ్ 140 డీఎల్ఎల్ దొరకలేదు" అని వస్తుంది. విజువల్ స్టూడియో వేసుకున్న మీ కంప్యూటర్లో ఆ రన్‌టైమ్ ముందే ఉంటుంది, కొత్త కంప్యూటర్లో ఉండాలని లేదు. ఆ ఫైళ్ళు మీ ఫోల్డర్లోనే పెట్టి ఇన్‌స్టాలర్ కట్టండి. అన్నిటికంటే ముందు అవతలివాళ్ళ దగ్గర ఉన్నది ఏ విండోసో కనుక్కోండి. మన ఊళ్ళలో విండోస్ 7 మీద నడిచే కంప్యూటర్లు ఇంకా బోలెడు. ఫ్లట్టర్ కొత్త వెర్షన్లు విండోస్ 10కి తక్కువ దేనికీ సపోర్టు ఇవ్వవు. అలాంటి కంప్యూటర్ మీదకి పని ఒప్పుకున్నాక ఈ సంగతి తెలిస్తే మాట పోతుంది.

లినక్స్‌లో దీనికి తిరగేసిన చిక్కు. కొత్త ఉబుంటు మీద బిల్డ్ చేస్తే పాత ఉబుంటు మీద ఫలానా జీలిబ్‌సీ వెర్షన్ లేదంటూ మొరాయిస్తుంది. మీ యాప్ నడవాల్సిన వాటిలో అన్నిటికంటే పాతది ఏదో దాని మీద బిల్డ్ చెయ్యడం తేలిక ఉపాయం. లేదా స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ లాంటి మూటలో కట్టివ్వాలి.

మ్యాక్‌లో యాప్ తెరుచుకుంటుంది గానీ సర్వర్ నుంచి రావలసిన సమాచారం రాదు. లాగ్‌లో "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని ఉంటుంది. కోడ్‌లో ఏ లోపమూ లేదు. ఫ్లట్టర్ ఇచ్చే మ్యాక్ ప్రాజెక్టు శాండ్‌బాక్స్‌లో నడుస్తుంది, నెట్‌వర్క్‌కి వెళ్ళడానికి ఎన్‌టైటిల్‌మెంట్ అనే అనుమతి రాసుకోవాలి. ఆ ఫైళ్ళు రెండుంటాయి, డీబగ్‌కి ఒకటి, రిలీజ్‌కి ఒకటి. మొదటిదాంట్లో రాసి రెండోది వదిలేస్తే మీ దగ్గర నడిచింది అవతలివాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఇక యాప్ స్టోర్‌తో పని లేకుండా మ్యాక్ యాప్ పంచాలంటే ఏటా 99 డాలర్లు కట్టి డెవలపర్ ఖాతా తీసుకుని, సంతకం పెట్టి, ఆపిల్ చేత నోటరైజ్ చేయించుకోవాలి. ఒక్క గిరాకీ కోసమైతే అంత ఖర్చు దండగని నా అభిప్రాయం.

మౌస్ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. వేలికి సరిపోయేలా గీసిన పెద్ద బటన్లు మానిటర్ మీద పీటల్లా కనిపిస్తాయి. కుడి క్లిక్‌కి మెనూ ఉండాలి. ఎంటర్ కొడితే తర్వాతి పెట్టెలోకి వెళ్ళాలి, బిల్లులు కొట్టేవాళ్ళు మౌస్ ముట్టుకోవడానికి ఇష్టపడరు. తెర మీది అక్షరాలు మౌస్‌తో పట్టి కాపీ చేసుకోనివ్వాలంటే ఫ్లట్టర్‌లో సెలెక్షన్ ఏరియా అనే విడ్జెట్ చుట్టాలి, 3.3 వెర్షన్ నుంచి ఉంది. ఇవి ఓపిక ఉంటే అయిపోయే పనులు.

తెలుగు అలా కాదు. ఏ టూల్‌కిట్‌నైనా పరీక్షించాలంటే నేను ముందు అందులో తెలుగు కొట్టి చూస్తాను. ఇంగ్లీషు ఏ టూల్‌కిట్ అయినా చక్కగా చూపిస్తుంది, దాన్ని బట్టి ఏమీ తెలియదు.

"జ్ఞా" తీసుకోండి. కంప్యూటర్ మెమరీలో అది నాలుగు ముక్కలు, ఈ వరసలో: జ, పొల్లు, ఞ, దీర్ఘం. తెర మీద మాత్రం చివర ఉన్న దీర్ఘం వెనక్కి వచ్చి జ తల మీద ఎక్కాలి, ఞ వత్తయి కిందికి దిగాలి. ఈ అమరిక పనిని షేపింగ్ అంటారు. ఇప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, జీటీకే, క్యూట్, ఫ్లట్టర్ అన్నిటిలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ ఆ పని చేస్తోంది. ఇది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఇదే జ్ఞా మధ్యలో, ఞకీ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పడితే, ఐఫోన్‌లో ఆ అక్షరం చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఎవరో ఒకరు మెసేజ్‌లో పంపితే చాలు. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ వదిలి సరిచేసింది. మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏమీ కాలేదు, ఆ కనిపించని గుర్తు పడినప్పుడే అమరిక లెక్క తప్పింది. అంత పెద్ద సంస్థకే మన వత్తు ఒకటి చెమటలు పట్టించింది.

షేపింగ్ అసలే లేని టూల్‌కిట్‌లు కూడా ఉన్నాయి. పైథాన్‌తో పాటు వచ్చే టీకింటర్ విండోస్‌లో తెలుగు బాగానే చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ అమర్చిపెట్టేది విండోస్. అదే ప్రోగ్రాం లినక్స్‌లో, టీకే 8.6 మీద, "స్త్రీ"ని ముక్కలు ముక్కలుగా పరిచేస్తుంది. ఒకే కోడ్, ఒకే టూల్‌కిట్, ఒకచోట అక్షరం, ఇంకోచోట చిందరవందర. అందుకే మూడు సిస్టమ్‌ల మీదా చూడందే నమ్మకండి.

ఫ్లట్టర్‌లో అమరిక బాగుంటుంది. అయినా రెండు మూడు చోట్ల కాలు జారుతుంది. ఫాంటు సంగతి ఒకటి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు సిస్టమ్‌తోనే వస్తాయి. లినక్స్‌లో తెలుగు ఫాంటు వేసి ఉండకపోతే డబ్బాలు కనిపిస్తాయి. పైగా ఒక్కో ఫాంటు ఎత్తు ఒక్కో రకం. నోటో సాన్స్ తెలుగో, మండలియో, ఏదో ఒకటి యాప్‌లోనే కట్టి ఇచ్చెయ్యండి, మూడుచోట్లా ఒకేలా ఉంటుంది. పట్టికలో వరస ఎత్తు ఇంగ్లీషు చూసి బిగించకండి. "స్త్రీ" కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం. ఇంగ్లీషుకి సరిపోయిన వరసలో కింది వత్తు సగానికి తెగిపోయి కనిపిస్తుంది.

రెండోది అక్షరాల లెక్క. "రామకృష్ణ"లో మనం చదివే అక్షరాలు నాలుగు. యూనికోడ్ ముక్కలు ఎనిమిది. పేరు పెట్టెకి పది అని హద్దు పెట్టి, ముక్కల్ని లెక్కేసే పద్ధతి వాడితే "వేంకటరామకృష్ణ" మధ్యలో తెగుతుంది. ఫ్లట్టర్ టెక్స్ట్‌ఫీల్డ్ ముక్కల్ని కాకుండా అక్షరాల గుంపుల్ని లెక్కేస్తుంది, అది మేలు. అయితే ఆ గుంపు ఏదన్న నియమమే 2023లో, యూనికోడ్ 15.1తో మారింది. అంతకుముందు "ష్ణ" రెండు గుంపులు, ఆ తర్వాత ఒకటి. తెలుగు, దేవనాగరి, మలయాళం వంటి కొన్ని లిపులకే ఈ మార్పు. పాత లైబ్రరీ ఉన్నచోట ఒక లెక్క, కొత్తది ఉన్నచోట ఇంకో లెక్క వస్తుంది కనుక పేర్లకి హద్దు పెట్టకపోవడమే నయం.

మూడోది కీబోర్డు. మీరు ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతారని అందరూ అలాగే కొట్టరు. డీటీపీ నేర్చుకున్నవాళ్ళు ఆపిల్ లేఅవుట్ వదలరు. విండోస్ 10లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. లినక్స్‌లో ఐబస్ కింద ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్ అన్నీ దొరుకుతాయి. ఫొనెటిక్‌లో మాట ఇంకా పూర్తికాకుండానే కింద గీతతో అక్షరాలు కనిపిస్తాయి, పక్కన సూచనల పెట్టె తెరుచుకుంటుంది. ఆ పెట్టె కర్సర్ పక్కనే రావాలంటే కర్సర్ ఎక్కడుందో టూల్‌కిట్ సిస్టమ్‌కి చెప్తూ ఉండాలి. చెప్పకపోతే పెట్టె తెర మూలన ఎక్కడో తేలుతుంది. ఇంకొకటి, అక్షరాలు సగంలో ఉండగానే మీ కోడ్ ఆ పెట్టెలో వేలు పెడితే, అంటే కొడుతుండగానే పెద్దక్షరాలు చెయ్యడం, ఖాళీలు తీసెయ్యడం లాంటివి చేస్తే, "కృ" కొడదామనుకున్నవాడికి "క్ర్" లాంటిదేదో మిగులుతుంది. శుభ్రం చేసే పని సేవ్ నొక్కినప్పుడు చెయ్యండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ప్రింటు. తెర మీద తెలుగు ముత్యాల్లా ఉంటుంది, బిల్లు పీడీఎఫ్ తీస్తే వత్తులు విడిపోయి ఉంటాయి. కారణం తేలికే. తెర మీద అక్షరం అమర్చింది ఫ్లట్టర్ ఇంజన్. పీడీఎఫ్ తయారుచేసింది డార్ట్‌లో రాసిన వేరే ప్యాకేజీ. జనం ఎక్కువగా వాడే ఆ ప్యాకేజీకి మన లిపుల అమరిక రాదు, ఫాంటులోంచి బొమ్మలు వరసగా తీసి పరుస్తుంది. ఎంత మంచి ఫాంటు ఇచ్చినా ఫలితం ఉండదు. పనిచేసే ఉపాయం ఒకటుంది. బిల్లుని ఫ్లట్టర్ విడ్జెట్‌గానే గీసి, దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మని పీడీఎఫ్‌లో పెట్టాలి. రిజల్యూషన్ మూడింతలు పెంచితే అక్షరాలు అరుగుదల లేకుండా వస్తాయి. కొట్లలో ఉండే చిన్న థర్మల్ ప్రింటర్లకీ ఇదే మందు. వాటి లోపల ఉండే ఫాంట్లలో మామూలుగా తెలుగు ఉండదు, బొమ్మగా పంపితేనే ముద్రిస్తాయి.

ఇంత చదివాక మీలో కొందరు "మరి క్యూట్ వాడితే?" అంటారు. అడగవలసిన ప్రశ్నే. నార్వేలో హావర్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె ఎంగ్ కలిసి మొదలుపెట్టిన ఈ టూల్‌కిట్ 1995 మే నెలలో మొదటిసారి బయటికొచ్చింది. పుట్టుకే డెస్క్‌టాప్ కోసం. తానే గీసుకుంటుంది, కానీ ఏ సిస్టమ్ మీద ఉంటే ఆ వేషం కడుతుంది. మెనూలు, ఎన్నైనా విండోలు, పట్టికలు, ప్రింటు అన్నీ ముప్ఫై ఏళ్ళుగా నలిగినవి. ప్రింటుకి పంపే అక్షరాలు కూడా తెర మీద అమర్చిన దారిలోనే వెళ్తాయి కనుక వత్తులు విడిపోవు. 2009 నుంచి ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద దొరుకుతోంది, నియమాలు పాటిస్తే మీ కోడ్ మూసి ఉంచుకునే వీలుంది. సీ ప్లస్ ప్లస్ అంటే భయమైతే పైసైడ్‌తో పైథాన్‌లో రాసుకోవచ్చు. విండోస్ 7 తప్పదంటే క్యూట్ 6 పనికిరాదు గానీ 5.15 నడుస్తుంది.

నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. ఫోన్ యాప్ ముందే ఉండి, అదే తెర కంప్యూటర్లోనూ కావాలంటే ఫ్లట్టర్‌తోనే కానివ్వండి, పైన చెప్పిన చోట్ల జాగ్రత్తపడండి. ఫోన్‌తో పని లేదు, రోజంతా కూర్చుని బిల్లులు కొట్టి ప్రింటు తీసే ప్రోగ్రామే కావాలంటే మాత్రం క్యూట్. ఫ్లట్టర్ కొత్తదనీ క్యూట్ పాతదనీ కొందరు నవ్వుతారు. బిల్లు మీద తన పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసుకునే మనిషికి ఆ సంగతితో పని లేదు.

మీలో లినక్స్ మీద, వేలాండ్‌లో, ఆపిల్ లేఅవుట్‌తో తెలుగు కొట్టేవాళ్ళుంటే ఫ్లట్టర్ యాప్‌లో అది ఎలా వస్తోందో రాసి పంపండి. ఏ డిస్ట్రో, ఏ వెర్షనో కూడా రాయండి. స్త్రీ, జ్ఞానం, కృష్ణ, శ్రీకాకుళం, ఈ నాలుగూ కొట్టి, బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి చెరుపుతూ ఎన్ని నొక్కులకి ఏది పోయిందో గమనించి చెప్తే ఇంకా మంచిది. వచ్చిన జవాబులు పట్టికగా వేసి వచ్చే ఉత్తరంలో ఇస్తాను.

ఉంటాను,
మీ మిత్రుడు